మేస్త్రీ గారి మీద వేసిన తప్పు

పోయిన మంగళవారం పొద్దున మా వీధి వాట్సాప్ గ్రూపులో పాస్టరు గారు పెట్టిన కబురు చూశాను. మా ఎదురింటి మేస్త్రీ గారు ప్రభువునందు నిద్రించారట. గుండెపోటు. కాసేపట్లోనే కింద దండం బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. వాటిలో మా ఆయన పెట్టిందీ ఉంది. ఏడాది కిందట అదే గ్రూపులో మా ఆయన ఇంకో మాట రాశారు. “ఎదురింటాయనకి కార్లు ఇవ్వకండి. మాది పాడుచేశారు.”

పాడుచేసింది నేను. ఈ మాట ఆయన బతికుండగా చెప్పవలసింది.

మేస్త్రీ గారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు బళ్ల పని చేసి, మోకాళ్లు మొరాయించాక ఇబ్రహీంపట్నంలో మా వీధికి వచ్చారు. ఊరికే కూర్చోలేని మనిషి. బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని వీధిలో వాళ్ల బళ్లన్నీ చూసిపెట్టేవారు. బానెట్ ఎత్తేముందు తడిగుడ్డతో బూడిద తుడిచేవారు. థర్మల్ కరెంటు ప్లాంటు పక్కనే ఉన్న మా ఊళ్లో బూడిద పడని కారు ఉండదు. విప్పిన బోల్టుల్ని విప్పిన వరసలోనే స్టీలు పళ్లెంలో పేర్చేవారు. ఆ పళ్లెం కోసం ఆంటీ, అంటే ఆయన భార్య, వంటింట్లో వెతుక్కుంటూ ఉండేవారు.

నేను సైన్సు టీచర్ని. అందుకేనేమో నాకు ప్రతిదీ విడమరిచి చెప్పేవారు. “శబ్దం వచ్చిన చోటే జబ్బుందనుకోకండి టీచరమ్మా. ఇనుము దాన్ని ఎక్కడికో మోసుకుపోద్ది” అనేవారు. బడిలో ధ్వని పాఠం చెప్పినప్పుడల్లా ఆయన మాటే వాడుకున్నాను.

మా కారు ముందు షాక్ అబ్జార్బర్లు పోయాయి. గుంతలో పడితే దడేలుమనేది. ఒక రెండో శనివారం మా ఇంటి ముందే మార్చడానికి కూర్చున్నారు. ఎడమ చక్రం తీసి, షాక్ అబ్జార్బర్‌ను కింద పట్టి ఉంచే బోల్టులు విప్పారు. దాంతో చక్రం బిగించే బరువైన హబ్బుకు ఆసరా పోయింది. దాన్ని తీగతో కట్టి ఉంచాలి. తెచ్చిన తీగ పొట్టిదైంది.

“నేనొచ్చేదాకా రెండు చేతులా పట్టుకోండమ్మా. బయటికి వాలితే లోపల యాక్సిల్ జాయింటు ఊడిపోద్ది” అన్నారు.

యాక్సిల్ అంటే ఇంజను బలాన్ని చక్రానికి అందించే కడ్డీ. అదీ ఆయన చెప్పిందే. ఆయన ఇంకో తీగ కోసం వాళ్లింట్లోకి వెళ్లగానే నా ఫోను మోగింది. హెడ్మాస్టరు గారు. ఒక చెయ్యి తీశాను. హబ్బు బయటికి వాలిపోయింది. లోపలెక్కడో టక్కుమంది. గబగబా ఎత్తి నిలబెట్టాను. ఆయన తీగ పట్టుకుని వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పట్టుకుని ఉన్నాను.

మూడో రోజు నుంచి యాక్సిలరేటర్ తొక్కగానే కారు వణకసాగింది. మా ఆయన వీధిలోనే ఆయన్ని నిలదీశారు. చేతకాని పని ఎందుకు పెట్టుకున్నారన్నారు. నేను గేటు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి విన్నాను.

మేస్త్రీ గారు రెండు రోజులు మా కారు దగ్గరే ఉన్నారు. ముందు తను బిగించినవన్నీ మళ్లీ చూసుకున్నారు. తర్వాత జాకీ ఎత్తి చక్రాలు చేత్తో తిప్పి, యాక్సిల్‌ను పట్టుకుని కుదిపి చూశారు. బయటి జాయింటు పోతే మలుపుల్లో టకటకమంటుందనీ, తిన్నగా పోతూ వేగం పెంచినప్పుడు వణికితే లోపలి జాయింటును అనుమానించాలనీ అప్పుడు కూడా నాకు పాఠం చెప్పారు. రబ్బరు తొడుగు విప్పితే లోపలి బేరింగు చోటు తప్పి నలిగిపోయి ఉంది. గ్రీజు నిండా విరిగిన ఇనప ముక్కలు.

వాటిని వేళ్ల మధ్య నలిపి చూస్తూ, తలెత్తకుండా అడిగారు. “ఆ రోజు హబ్బు ఏమైనా వాలిందా అమ్మా?”

“లేదండీ” అన్నాను.

“అయితే నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను” అన్నారు.

జాయింటు మార్చారు. కారు బాగైంది. గ్రూపులో మాట మాత్రం అలాగే ఉండిపోయింది. తీసెయ్యమని మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు. బళ్లు రావడం తగ్గింది. వచ్చినవాళ్లనూ మేస్త్రీ గారే పంపేసేవారు. చేతుల మీద నమ్మకం పోయిందనేవారట. నన్ను అనుమానించి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. టీచరమ్మ అబద్ధమాడదనుకున్నారు ఆయన.

భూస్థాపన అయిన మూడో రోజు, సమాధుల తోటకు తీసుకెళ్లమని ఆంటీ అడిగారు. నా పక్కనే కూర్చున్నారు.

“ఎంత సాఫీగా పోతందో చూడమ్మా. ఆయన చేతి పనే కదా. చివర్లో చెయ్యి తప్పిందని చాలా కుమిలిపోయారు” అన్నారు.

కారు పక్కకు ఆపి మొత్తం చెప్పేశాను. ఆవిడ ఒళ్లోని పూల కవరు చేతిలోకి తీసుకుని, “నాకు కాదమ్మా, ఆయనకి చెప్పాల్సింది” అన్నారు.

తలుపు తీసుకుని దిగారు. సమాధుల తోట ఇంకా అర కిలోమీటరు ఉంది. ఎక్కమని రెండుసార్లు పిలిచాను. చామంతి పూల కవరు గుండెకు ఆనించుకుని, లారీలు లేపే బూడిదకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రోడ్డు అంచున ఆగి ఆగి నడుస్తూ వెళ్లిపోయారు.