అల్మరా తలుపు మీద ముప్పై ఒక్క గీతలు

కొచబాంబా వైద్య కళాశాల వెనక గదిలో గాజు సామాను కడిగే బాసీలియాకు చదువు రెండో తరగతితో సరి. కానీ ఇరవై ఆరేళ్లలో ఆ గదిలో పగిలిన సీసాలు మూడే. ఆ మూడూ ఎవరి అజాగ్రత్త వల్ల పగిలాయో ఆమెను అడిగితే చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

ఆ గది డాక్టరు నెలిదా రొకబాదో చోకెది. మట్టిగోడల పగుళ్లలో దాక్కుని మనుషుల నెత్తురు తాగే వించూకా పురుగులు, అవి అంటించే గుండెజబ్బు, అది తల్లి కడుపులోంచే బిడ్డకు సోకడం, ఇదే ఆమె బతుకంతా. పెళ్లి మాటెత్తితే పురుగులకు మేత వేళయిందని లేచి వెళ్లిపోయేది. తాను రాసింది ఎక్కడైనా అచ్చయిందంటే మాత్రం పొద్దున్న పదింటికి, మాంసం రసం నింపి కజ్జికాయల్లా కాల్చిన వేడివేడి సల్తెన్యాలు తెచ్చేది. లోపలి రసం మోచేతికి కారకుండా వాటిని తినడం ఆ భవనం మొత్తంలో తనకొక్కదానికే వచ్చని బాసీలియా నమ్మకం. తిన్నాక బాసీలియా చెయ్యి కడుక్కుని, సీసాలు ఆరబెట్టే అల్మరా తలుపు లోపలివైపు ఒక గీత గీసేది.

ఆ ఏడు కొత్త నిబంధన వచ్చింది. ఒకరి రాతలను ఇతర పరిశోధకులు తమ రాతల్లో కనీసం మూడు వందల సార్లు పేర్కొనకపోతే, వాళ్లకిక సొంత గది ఉండదు. పేర్కొనడమంటే ఏమిటో నెలిదా విడమరిచి చెప్పబోతే బాసీలియా మధ్యలోనే అందుకుంది. మిరపకాయ పచ్చడి నూరుతూ, ఈ రుచి ఫలానా ఆవిడ చేతి నుంచి నేర్చుకున్నానని ఒప్పుకోవడమే కదా. వంటింట్లో ఎవరూ ఒప్పుకోరు, పరిశోధకులు నయమే అనుకుంది.

గుమాస్తా ఒర్లాందో గది కొలవడానికి టేపుతో, గది వదులుకుంటున్నట్టు సంతకానికి కాగితంతో వచ్చాడు. కాగితంలో రాతలు పదమూడు, పేర్కొన్నది నలభై ఒక్కసారి. ఇంకా ఉన్నాయని నెలిదా మెల్లగా అంది. జాబితా యంత్రం తీసిందనీ, అందులో లేనిది లెక్కలోకి రాదనీ అతనన్నాడు. ఎన్నడూ ఎవరితోనూ గొంతు పెంచి ఎరగని నెలిదా, సంతకానికి కలం తీసింది.

బాసీలియా చేతులు తుడుచుకుని అల్మరా తలుపు బార్లా తెరిచింది.

"ఇవి లెక్కపెట్టు నాయనా. చదువుకున్నవాడివిగా."

ముప్పై ఒకటి.

"సల్తెన్యాల లెక్క నమ్మమంటావా పెద్దమ్మా?"

"మరి నీ యంత్రం ఎన్ని తిందట?"

అంతలో బాసీలియాకు నిరుటి సంగతి గుర్తొచ్చింది. ఎవరో విదేశీయుడు గేటు దగ్గర డాక్టర్ చోకె కావాలని అడిగితే, ఆ పేరుగల వాళ్లెవరూ లేరని కాపలావాడు ఎండలో నిలబెట్టాడు. చివరికి లోపలికి తీసుకొచ్చింది బాసీలియానే.

"మనకు తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు చివర అని బయటివాళ్లకేం తెలుసు? చివరున్నదే ఇంటిపేరు అనుకుంటారు. రొకబాదో అని కాదు, చోకె అని కొట్టి చూడు."

ఒర్లాందో తన ఫోనులో కొట్టి చూశాడు. పద్దెనిమిది రాతలు. పేర్కొన్నది ఆరువందల పన్నెండు సార్లు. అందులో సగానికి పైగా ఒక్కదానికే: బొడ్డుతాడులోని ఒక చుక్క నెత్తురుతో, పుట్టిన రోజునే బిడ్డకు జబ్బుందో లేదో తేల్చే పద్ధతికి. అతను పెదవులు కదుపుతూ పదమూడూ పద్దెనిమిదీ కూడుకుని, తలుపు వైపు మళ్లీ చూశాడు.

నెలిదా కలం మూత పెట్టి, ఫోనులోని ఆ పేరు మీద వేలు ఆనించింది. ఎందుకో బాసీలియాకు తెలుసు. ఒక సల్తెన్యాల రోజున ఆమే చెప్పుకుంది. వాళ్లమ్మ పునాతా సంతలో జున్ను అమ్మేది. చోకె అంటే పట్నం బడిలో పిల్లలు పల్లెటూరి పేరని వెక్కిరించేవారు. అందుకని నెలిదా నోటు పుస్తకాల మీద ఆ పేరుకు మొదటి అక్షరమే రాసేది. అది తల్లి కంటపడింది. మర్నాటి నుంచి బడి గేటు దాకా రాకుండా వీధి మలుపులోనే నిలబడేది.

రెండు జాబితాలూ కలపాలంటే ఒక్క పేరు ఖాయం చేయాలన్నాడు ఒర్లాందో. ఇప్పుడతని గొంతు తగ్గింది.

"రొకబాదో అనే ఉంచమంటారా, డాక్టర్?"

నెలిదా కాగితం మీద రెండు పేర్లూ రాసి మధ్యన చిన్న గీత పెట్టి ఒకే పేరు చేసింది. తల్లి పేరు ఒక్కో అక్షరమే దిద్దుతున్నట్టు, పూర్తిగా రాసింది.

"అమ్మని ఇంక మలుపులో నిలబెట్టను."

ఒర్లాందో టేపు చుట్టేశాడు. తలుపు మీద ఇంకో గీత గియ్యమని నెలిదా అడిగింది.

"అచ్చయితేనే గీత. ఊరికే గీస్తే నా లెక్క పాడవుతుంది," అంది బాసీలియా.

అన్నదే గాని, వెళ్లి మూడు సల్తెన్యాలు పట్టుకొచ్చింది. గుమాస్తాకు తినడం రాదని తేల్చుకుని, ముందుగానే అతని చొక్కా మీద తువ్వాలు కప్పింది.