పొయ్యి పక్కన ఆరిన చుక్కలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం, పసిబిడ్డల మడమ గుచ్చి కాగితం మీద రక్తం పట్టడం. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి తిరుపతిలో ఖాళీగా ఉన్నప్పుడు ఒక పరిశోధన పథకంలో చేర్చుకున్నారు. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని బిడ్డలను పుట్టిన నెలలోపే కనిపెట్టాలన్నది వాళ్ల ప్రయత్నం. అలాంటి బిడ్డ పుట్టినప్పుడు అందరిలాగే ఉంటుంది. తేడా బయటపడేసరికి నెలలు గడిచి, మెదడు ఎదుగుదల వెనకబడి ఉంటుంది. ముందే తెలిస్తే రోజుకొక చిన్న మాత్ర చాలు.

మా ఊరు ఐరాల దగ్గరే కాబట్టి ఆ చుట్టుపక్కల పల్లెలు నాకు అప్పగించారు. కాగితం అద్దుడు కాగితంలా దళసరిగా ఉండి, దాని మీద ఐదు సున్నాలు అచ్చువేసి ఉండేవి. బిడ్డ మడమను గోరువెచ్చని గుడ్డతో కాసేపు పట్టుకుని, పక్కవైపు గుచ్చి, మొదటి చుక్క తుడిచేయాలి. రెండో చుక్క దానంతటది ఊరి పెద్దదయ్యాక కాగితాన్ని ఒక్కసారే తాకించాలి. సున్నా నిండి, రక్తం వెనకవైపుకు కూడా దిగాలి. తర్వాత నీడలో, గాలి తగిలేచోట మూడు నాలుగు గంటలు ఆరబెట్టి కవరులో పెట్టాలి.

చేతికి పని వచ్చేసింది కానీ మనసుకు నమ్మకం రాలేదు. రక్తం గడ్డకడితే పనికిరాదనీ, చల్లగా దాచాలనీ చదువుకున్నదాన్ని. ఇప్పుడేమో ఆరబెట్టి సంచిలో వేసుకుని బస్సులో తెస్తున్నాను. ఎండిపోయిన రక్తంలో ఇంకేముంటుందని పథకం నడిపే మా డాక్టరు మేడమ్‌ను అడిగాను. పరీక్ష చేసే రోజు వచ్చి చూడమంది. ఆ రోజుల్లో నేనెప్పుడూ పల్లెల్లోనే ఉండేదాన్ని. మూడు నెలలైనా చూడలేదు.

కార్తీకం చివర్లో, తుపాను ముసురు పట్టిన రోజు, ఆ పల్లెలు చూసే నర్సమ్మ ఇచ్చిన బిడ్డల జాబితా పట్టుకుని ఒక పల్లెకు వెళ్లాను. ఊరి చివర చెరకుతోట, దాన్ని ఆనుకుని ఇల్లు, ఇంటి పక్కన బెల్లం వండే పాక. ఐదు రోజుల ఆడబిడ్డ. తల్లి మంచం మీద పడుకుని ఉంది. అడ్డుపడింది బిడ్డ నాయనమ్మ. పురిటినీళ్లు కూడా పోయని బిడ్డ ఒంట్లో రక్తం తీస్తారా అని గడపలోనే నిలబెట్టింది. ఎందుకో, ఏమిటో వివరంగా చెప్పాను. ఆమె అంతా విని నా చేతిలోని సూది వైపు చూసింది.

"ముందు నువ్వు పొడుసుకో, సూస్తాను" అంది.

వేరే సూదితో వేలు గుచ్చుకుని పాత కాగితం మీద ఒక చుక్క పెట్టాను. ఆమె ఆ కాగితం తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, అది నలువైపులా పాకేదాకా చూసింది. తర్వాత బిడ్డను తానే ఒళ్లో పెట్టుకుని మడమ చాపింది. బిడ్డ ఏడుస్తుంటే ఆమె కళ్లు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. పసిబిడ్డ రక్తమూ నీ రక్తమూ ఒకే రంగుండాదే అంది. చూస్తేగాని నమ్మని నాలాంటి గుణమే ఆమెకూ ఉందనిపించింది.

ముసురులో కాగితం ఆరదు. వాళ్ల వసారాలో తాడుకు తగిలించి, పక్క ఊరిలో ఇంకో బిడ్డను చూడటానికి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి ఆమె కాగితం తెచ్చి ఇచ్చింది. కరకరలాడేలా ఆరి ఉంది. చుక్కలు ఎప్పటికంటే నల్లగా ఉన్నాయి. కాగితం అంచు కొంచెం పసుపు తిరిగింది, బెల్లం పొగ వాసన వేసింది. నాకు అనుమానం వచ్చింది. కానీ బస్సు వేళయింది. ఆరింది కదా, అంతే కావాలి కదా అనుకున్నాను.

పది రోజుల తర్వాత ల్యాబ్ నుంచి వచ్చిన జాబితాలో ఆ బిడ్డ నంబరు ఎదురుగా 'మళ్లీ తీయాలి' అని ఉంది. ఎండలో పెట్టావా అని మేడమ్ అడిగింది. లేదన్నాను. అది నిజమే. పొగ వాసన సంగతి మాత్రం చెప్పలేదు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

మరునాడు మళ్లీ వెళ్లాను. నాయనమ్మ పాకలో ఉంది. తుపానని చెరకు ఆడటం ఆపినా, ఆడిన చెరకుపాలు నిలవ ఉంచలేరు కాబట్టి ఆ ముసురులోనూ పొయ్యి మండుతూనే ఉండేదట. కాగితం ఎక్కడ ఆరబెట్టావని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"నువ్వు పొయినాక జల్లు కొట్టింది మే. తడిసిపోతాదేమోనని ఈ పొయ్యి గోడ మీద పెట్టినా. సెడిపోయిందా? నా తప్పేనా?"

"కాదవ్వా. నాది. నల్లగా ఉండాదని చూసినాను, చూసి కూడా పంపినాను."

ఆమె తిడుతుందనుకున్నాను. చేతులు కడుక్కుని లోపలికి వెళ్లి బిడ్డను ఎత్తుకొచ్చింది. ఈసారి నేను కదలకుండా అక్కడే నాలుగు గంటలు కూర్చున్నాను. బిడ్డ బాగా నిద్రపోతుందనీ, పాలకు కూడా లేపాల్సి వస్తుందనీ తల్లి మామూలుగా అంది. మంచి బిడ్డ, సతాయించదని ఊళ్లో అందరూ అంటున్నారట. ఆ జబ్బున్న బిడ్డలు కూడా అలాగే నిద్రపోతారని మాకు ముందే చెప్పి ఉన్నారు.

ఫలితం వారంలోపే వచ్చింది. ఆ బిడ్డ గ్రంథి పనిచేయడం లేదు. నిర్ధారణ కోసం నరం నుంచి రక్తం తీయాలని తల్లినీ బిడ్డనూ తిరుపతికి పిలిపించారు. నాయనమ్మ కూడా వచ్చింది. పరీక్ష అయ్యాక, ఆ కాగితాన్ని మీరేం చేస్తారో చూపించమని మేడమ్‌ను నేరుగా అడిగింది. మేడమ్ నవ్వి మా ఇద్దరినీ లోపలికి రమ్మంది. నేను కూడా చూడటం అదే మొదటిసారి అని నాయనమ్మకు చెప్పలేదు.

మేడమ్ కాగితానికి చిల్లు వేసే చిన్న పరికరంతో రెండో కాగితం మీది చుక్క మధ్యలో నొక్కితే కందిగింజంత బిళ్ల ఊడి పడింది. దాన్ని గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో వేసి, నీళ్లలాంటి ద్రవం పోసి, ఉండమంది. ఉన్నాం. మెల్లగా ద్రవం లేత గులాబీ రంగుకు తిరిగింది. ఎండిన రక్తం కాగితంలో నుంచి బయటికి వస్తోంది. పల్లెపల్లెనా నేను పట్టుకు తిరిగింది ఇదా అనిపించింది. మేడమ్ అల్మారాలోంచి ఆ మొదటి కాగితం కూడా తీసి, దాని బిళ్ల పక్క గుంటలో వేసింది. ఎంతసేపైనా ద్రవం రంగు మారలేదు. బిళ్ల గోధుమరంగులో అడుగున పడి ఉంది. వేడికి రక్తం కాగితానికి అంటుకుపోయింది, ఇక ఊడదు అని వివరించింది. ఆ బిళ్లను చూస్తూ నేను పొగ వాసన సంగతి కూడా చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. అనుమానం వచ్చిన కాగితం మీద అనుమానమని రాసి పంపమంది, అంతే.

నాయనమ్మ వంగి రెండు గుంటలనూ మార్చి మార్చి చూసింది.

"పాకం దించాల్నా వద్దా అని మేమూ నీళ్లల్లో ఒక్క సుక్కేసి సూస్తాము" అంది. నన్ను చూపించి, "ఈ పిల్ల మల్లీ రాకపోయుంటే?" అని అడిగింది.

మేడమ్ మాత్రల చీటీ రాయడం మొదలుపెట్టింది. నేను కిటికీ వైపు తిరిగాను.

మాత్రను పొడి చేసి తల్లిపాలలో కలిపి, పొద్దున్నే చెంచాతో పట్టాలి. ఆ పని నాయనమ్మ తీసుకుంది. నెలకొకసారి నేను వెళ్లేటప్పటికి బిడ్డలో తేడా కనిపించేది. ముందు ఆకలికి ఏడవడం నేర్చింది. రాత్రంతా నిద్రపోనివ్వడం లేదని తల్లి మొదటిసారి చెప్పినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. రెండేళ్లకు పథకం ముగిసింది. నేను చిత్తూరులో ఒక ల్యాబ్‌లో చేరాను. అక్కడ రక్తమంతా గొట్టాల్లోనే.

మరో రెండేళ్లకు ఐరాలలో బస్సు కోసం నిలబడి ఉంటే ఆ తల్లే నన్ను గుర్తుపట్టి పిలిచింది. పక్కన రిబ్బన్లు కట్టిన పాప. తల్లి చేతిలో సంచి, మందులకు తిరుపతికి వెళ్తున్నారట. నేను పలకరించేలోపే పాప నా బ్యాగులో ఏముంది, నేను యాడికి పోతాండాను, ఆ బస్సు ఏంటికి నిలబడలేదు అని వరసగా అడిగింది. అంగన్‌వాడీలో టీచరుకు మాట్లాడే సందు కూడా ఇవ్వడం లేదని తల్లి చెప్పింది. వాళ్ల బస్సు వచ్చేదాకా పాప అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతూనే ఉన్నాను.