కర్చీఫ్ వేసిన సీటు

ఆ లా కాలేజీ అంటే మా ఇంట్లో అందరికీ చిన్నచూపే. కువైట్‌లో మేముండే ఫింటాస్‌లో మా కోనసీమ వాళ్ళు ఎవరింటికెళ్ళినా "అదెక్కడుందమ్మా?" అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. అయినా గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లల కోటాలో ఉన్న ఒక్క సీటూ నాకే వచ్చింది కాబట్టి చేరతానని ఒప్పేసుకున్నాను. పేరున్న కాలేజీలో మాత్రం వెయిటింగ్ లిస్టు, మూడోదాన్ని. "ముందిక్కడ కర్చీఫ్ వేసి పెట్టు, పెద్దది వస్తే దిగిపోవచ్చు," అన్నారు నాన్న, రావులపాలెం బస్సు గురించి చెప్పినట్టు.

నేను కర్చీఫ్ వేసిన సీటు కోసం ఇంకో పిల్ల నిలబడి ఉంది. నా క్లాస్‌మేటే. రాయచోటి వాళ్ళు, కువైట్‌లోనే ఖైతాన్‌లో ఉండేవారు, మా స్కూలు బస్సు నడిపేది వాళ్ళ నాన్నే. ఆ కోటా వెయిటింగ్ లిస్టులో తను మొదటిది. నేను దిగితే తను ఎక్కుతుంది. అందుకే రోజూ ఫోన్: "ఏమ్మే, నీ లిస్టు కదిలిందా?" ఛీ, ఏం ఆబ! అనుకునేదాన్ని. నేను ఈసడించుకునే సీటుకి అంతలా ఆశపడుతుంటే జాలి కూడా వేసేది కాదు, చిరాకేసేది.

గురువారం పెద్ద కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. సీటు నాదే. చిన్న కాలేజీ అడ్మిషన్లు శనివారంతో ఆఖరు. ఈలోగా నాకు వద్దని ఒక్క బటన్ నొక్కితే చాలు.

నాన్న ఆపారు. "పెద్ద కాలేజీ వాళ్ళు పేపర్లన్నీ చూసి సరే అనేదాకా ఉండనీ. ఉద్యోగం మారేటప్పుడు కొత్త కఫీల్ సంతకం పెట్టకుండా పాత యజమాని ఇచ్చిన ఇఖామా పర్మిట్ వదులుకుంటామేంటి?"

అమ్మకి ఒళ్ళు మండింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు! ఇదేం బుద్ధే? కనీసం ఆ పిల్లకి చెప్పు," అంది.

శుక్రవారం తను ఫోన్ చేసింది. "ఏమ్మే, కదిలిందా?"

"ఇంకా ఏం తేలలేదు," అన్నాను. గొంతు కూడా వణకలేదు. లాయరు కాబోయేదాన్ని కదా!

ఆదివారం పెద్ద కాలేజీ వాళ్ళు నా పేపర్లు సరేనన్నారు. అప్పుడు నొక్కాను ఆ బటన్. అప్పటికే అక్కడ అంతా ఖలాస్. ఆఖరి జాబితాలో మా కోటా ఎదురుగా "ఖాళీ" అని పడింది. ఆ ఏడాది ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.

తనకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు, మా నాన్న మా స్కూలు వాళ్ళందరికీ స్వీట్లు పంచారుగా. తిట్లకి సిద్ధపడే ఫోన్ ఎత్తాను. తను తిట్టలేదు.

"మెయిల్ ఎప్పుడొచ్చింది?" అనడిగింది.

"గురువారం."

"శుక్రవారం నేను ఫోన్ చేసినానే," అంది.

ఇప్పుడు కోర్టులో ఎదుటి సాక్షి చేత చెప్పింది అబద్ధమని ఒప్పించడమే నా పని. రెండు ముక్కల్లో అలా ఎవర్నీ ఇంతవరకు పట్టుకోలేకపోయాను.