ఇంట్లో దగ్గేవాళ్ళెవరూ లేరన్నాను

మా ముత్తాత సాలూరు ఘాటీ దిగి వచ్చే చింతపండుకీ పిప్పళ్ళకీ ధర కట్టిన షావుకారు. ఆయన కట్టిందే సంతలో ధర. మా తాతకి జమీందారుగారి కచేరీలో కుర్చీ వేసేవారు. మా నాన్న లారీలు కొన్నారు. ఘాట్ రోడ్డులో మా బండి కనబడితే ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తీసేవారు. నా వంతుకి ఒక కిరాణా కొట్టు, సంతబజారులో ఒక గోదాము మిగిలాయి. అయినా ఇంటి పద్ధతులు మాత్రం వదల్లేదు.

బారసాలనాడు ఇంటి పెద్ద బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర నోరుంచి, ఏడు తరాల పేర్లు మెల్లగా చెప్పాలి. ఇదొక పద్ధతి. షావుకారు ఒంట్లో నలతగా ఉందన్న మాట గుమ్మం దాటకూడదు. ఇది ఇంకోటి. షావుకారు మంచం ఎక్కితే అరువుకి సరుకు ఇచ్చినవాళ్ళంతా వాకిట్లో చేరతారని మా నాన్న అనేవారు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది మా అబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున ఆ పేర్లు నేనే చెప్పాను. అప్పటికి నాకు నాలుగైదు రోజులుగా జలుబు, కొద్దిగా దగ్గు. మిరపకాయల బస్తాల ఘాటు అనుకున్నాను, అందరికీ అదే చెప్పాను.

పాపకి ఆరో వారం వచ్చింది. ఆరు వారాలకి వేసే టీకా ఇంకా పడలేదు. పాలు తాగుతూ తాగుతూ ఊపిరి ఆపేసింది, పెదాలు నీలంగా మారాయి. వెంటనే విజయనగరం తీసుకెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని. మా అబ్బాయి నోరు విప్పేలోపు నేనే లేదన్నాను. నా మాట కాదనడం వాడికి అలవాటు లేదు.

ఆ లేదనే మాట పట్టుకుని ఆవిడ మూర్ఛ ఏమో, పాలు ఎగదన్నుతున్నాయేమో అని రెండు రోజులు పరీక్షలు చేయించింది. పాప దగ్గట్లేదు. ఊపిరి ఆగడం, మళ్ళీ రావడం, అంతే. మా కోడలు మంచం పక్కన నుంచి లేవలేదు.

మూడో రోజు పొద్దున్న ల్యాబు బయట నాకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాను, ఆఖరికి వాంతి అయింది. లోపల్నుంచి రక్తం తీసే అమ్మాయి వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది. భీమిలి వైపు చేపల వాళ్ళ పిల్లట.

"తాతగోరూ, ఈ దగ్గు ఎన్నాళ్ళ బట్టి ఉన్నాది?"

మిరపకాయల ఘాటన్నాను.

"మిరపకాయల ఘాటుకి కక్కు రాదు. డాక్టరమ్మకి మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

నేనే వెళ్ళాను. అబ్బాయి ముందే చెప్పాను, దగ్గు నాదేనని, మూడు వారాలు దాటిందని, పాప చెవిలో పేర్లు చెప్పానని. డాక్టరమ్మ వెంటనే కోరింత దగ్గు పరీక్షకి చీటీ రాసింది; అంత పసివాళ్ళకి అందులో దగ్గు బదులు ఊపిరి ఆగుతుందట. మా వాడు నా వైపు చూడకుండా అన్నాడు: "దాస్తే ఏటొచ్చింది నాన్నగారూ?"

సన్నటి, వంగే పుల్లని ల్యాబు అమ్మాయి పాప ముక్కులోంచి గొంతు వెనక దాకా పంపి, కొంచెంసేపు ఉంచి, తిప్పి తీసింది. పాప తల నేనే పట్టుకున్నాను. నమూనాని ఐసు పెట్టెలో విశాఖపట్నం పంపారు. ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు.

నాకు ముక్కులో పుల్ల పెట్టలేదు, రక్తం తీశారు. ఇన్ని వారాలయ్యాక క్రిమి దొరక్కపోవచ్చునట, అది వచ్చిన గుర్తు మాత్రం రక్తంలో ఉంటుందట. మనిషి ఒప్పుకోనిది వాడి రక్తం ఒప్పుకుంటుందని అప్పుడు తెలిసింది.

పాప నమూనాలో కోరింత దగ్గే తేలింది. నా రక్తంలోనూ దాని గుర్తు ఉంది. బారసాలకి వచ్చినవాళ్ళలో పసిపిల్లలున్న ఇళ్ళకి కబురు చెప్పాలంది డాక్టరమ్మ. ఫోనులో చెబుతానన్నాడు అబ్బాయి. వద్దని నేనే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, దగ్గు నాదని చెప్పి వచ్చాను. ఒకరిద్దరు కూర్చోమనలేదు.

పాప పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి తెచ్చిన నెలలో సరుకు ఇచ్చినవాళ్ళు బాకీల కోసం వాకిట్లో చేరారు, సంతబజారు గోదాము అమ్మేశాం.