మేస్త్రీ గారి అతుకు తప్పలేదు

మా మిల్లు మేస్త్రీ గారు మొన్న మంగళవారం పోయారు. నిడదవోలు వెళ్లే బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. అక్కడే దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. అప్పటికే చర్చిలో ప్రార్థన అయిపోయింది. సమాధి మీద పిడికెడు మట్టి వేయడానికి మాత్రం అందాను.

నా చదువు మూడో క్లాసు. ఇలాంటివి రాయడం నా పని కాదు. కాని ఆయన మీద ఈ చుట్టుపక్కల ఒక తప్పు మాట నిలిచిపోయింది. దాన్ని సరిచేయాల్సింది నేనే.

ఉప్పుడు బియ్యం మిల్లులో నేను బాయిలరు ఫైర్‌మేన్‌ని. ఊక మండించి ఆవిరి పుట్టించేవాణ్ణి. ఆ పనిలో నా అంతవాడు లేడని నాకు పొగరు. ఇప్పటికీ ఉంది. మేస్త్రీ గారు మిషన్లన్నీ బాగుచేసేవారు. కాస్త తీరిక దొరికితే వచ్చి, పొగగొట్టం దగ్గర అరచెయ్యి చాపి నిలబడేవారు.

“దానికి జ్వరం చూస్తున్నారేంటండీ?” అని ఏడిపించేవాణ్ణి.

“జ్వరమేనండీ. మీరు చెమటోడ్చి పెట్టిన వేడి ఊరికే ఆకాశంలోకి పోతోంది. నాకు అన్నం పారబోసినట్టుంటుందండి.”

ఒక వేసవిలో మిల్లు ఆగినప్పుడు, పొగ పోయే దారిలో ఇనప గొట్టాన్ని మెలికలుగా అమర్చారు. బాయిలరుకు వెళ్లే చల్లనీళ్లు ముందు అందులో తిరిగి, ఆ పొగ వేడికే కాగి లోపలికి వెళ్తాయి. “నా బాయిలరుకి ఈ తోకేంటండీ?” అన్నాను. నవ్వి ఊరుకున్నారు. పని మొదలయ్యాక నేను మొయ్యాల్సిన ఊక గంపలు తగ్గాయి. నడుం నొప్పీ తగ్గింది. ఆ సంగతి ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మిల్లు ఆపి, వాల్వులన్నీ మూసి, కడిగి, పసుపు రాసి, బంతిపూల దండలు కట్టడం మా పద్ధతి. మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా ఎవరూ ముట్టుకోరు. మేస్త్రీ గారు క్రైస్తవులు, ఆ పూజకు ఉండేవారు కాదు. ముందు రోజు వెళ్తూ వెళ్తూ చెప్పారు.

“ఏవండీ, గొట్టానికీ బాయిలరుకీ మధ్య వాల్వు మాత్రం మూయకండి. నీళ్లకి దారి లేకపోతే ప్రమాదమండి.”

“బాయిలరు గురించి నాకు చెప్తారేంటండీ!”

అలా అన్నవాణ్ణే, మూశాను. అన్నీ మూసి ఆ ఒక్కటీ వదిలేస్తే పూజ వెలితిగా అనిపించింది. మర్నాడు దండ కింద ఉన్న ఆ వాల్వు సంగతి మరిచిపోయి నిప్పు పెట్టాను. కాసేపటికి గొట్టంలో నీళ్లు బయటికి దారి లేక మరిగి, అతుకు దగ్గర పేలిపోయింది. షెడ్డంతా ఆవిరి. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఆవిరిలో నేను చేసిన మొదటి పని ఆ వాల్వు తెరవడం.

యజమాని పరిగెత్తుకొచ్చారు. మేస్త్రీ గారికి కబురు పెట్టి రప్పించారు.

“నీ ప్రయోగాలు చాలయ్యా! మనుషుల్ని చంపేస్తావా?”

మేస్త్రీ గారు నా వైపు తిరిగి మెల్లగా అడిగారు. “వాల్వు తెరిచే ఉందాండి?”

“తెరిచే ఉందండి. చూసుకోండి.”

చూశారు. నమ్మారు. “అయితే నా అతుకే తప్పిందండి” అని అందరి ముందూ ఒప్పుకున్నారు.

ఆ గొట్టాన్ని ఆయన చేతే ఊడదీయించారు. ఇక ఏ మిల్లు వాళ్లూ ఆయన్ని బాయిలరు పనికి పిలవలేదు. పొలాల్లో మోటార్లు బాగుచేసుకుంటూ గడిపారు. బస్టాండులో కనిపిస్తే నా నడుం నొప్పి అడిగి, ఆఖర్న ఒకటే అనేవారు. “ఆ అతుకు ఎక్కడ తప్పిందో ఇప్పటికీ అంతుపట్టలేదండి.” బస్సొచ్చిందని చెప్పి నేను జారుకునేవాణ్ణి.

సమాధి దగ్గర నుంచి వాళ్లింటికి వచ్చాక, చుట్టాలందరి ముందూ ఆయన భార్యతో చెప్పేశాను. “అమ్మా, ఆ వాల్వు మూసింది నేనండి.”

ఆవిడ నా వైపు తిరిగి అడిగారు.

“నాకెందుకండీ ఇప్పుడు? ఇన్నేళ్లు ఎదురుపడ్డారు కదండీ. ఆయనకి ఒక్క ముక్క చెప్తే మీ నోరు పడిపోయేదాండీ?”

అందుకే మిల్లుల వాళ్లంతా చదవాలని ఇది రాయిస్తున్నాను. మేస్త్రీ గారి పని తప్పలేదు. తప్పు నాది. అబద్ధమూ నాదే.

వచ్చేస్తూ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాను. దాని గొట్టం ఆయన అతికించిందే. అతుకు మీద అతుకు, మూడు వరసలు వేసి ఉంది. పిడికిలంత లావు. చుక్క నీరు కారడం లేదు. మిగతా గొట్టమంతా తుప్పు. ఆ అతుకు మాత్రం, ఎవరో రోజూ బొటనవేలితో తడిమి తడిమి చూసుకున్నట్టు, నున్నగా మెరుస్తోంది.