వదిన ప్లానరులో తలకిందులైన బుధవారం

బొబ్బిలిలో మా వదిన కుట్టు దుకాణాన్ని ఒక్క కాగితపు అంచుతో ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. వదిన మాత్రం ఆ రోజు నవ్వలేదు, నోట్లో గుండుసూదులున్నాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ప్లానర్ల పిచ్చి. వదిన దగ్గర ఏ జాకెట్టు ఏ రోజుకివ్వాలో తెలిపేది గుడ్డకు గుచ్చిన చీటీ ఒక్కటే. చీటీ రాలిందంటే జాకెట్టు అనాథ. ఆమెను ఉద్ధరించాలని, వారానికో పేజీ చొప్పున ఏడాది క్యాలెండరు కంప్యూటర్లో తయారుచేశాను. ప్రతి వరుసకూ మూడు గడులు: ‘చెప్పిన రోజు’, ‘నిజంగా ఇచ్చే రోజు’, ‘గమనిక’. లోకంలో ఏ దర్జీ అయినా మొదటి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటాడా, మీరే చెప్పండి!

జెరాక్సు సెంటరాయన అడిగాడు. “రెండు పక్కలా కొడితే కాగితం ఏ అంచుకి తిప్పాలమ్మా? పొడుగుదా, పొట్టిదా?”

“పొట్టిదే. నేనూ పొట్టిదాన్నే, నాకేం తక్కువైంది?”

“ఒకటి కొట్టి సూద్దుమా? ఎనక పేజీ తలకిందులైపోతాదేమో.”

“కంప్యూటరు కోర్సు చేసినదాన్నండీ!”

ఆయన మీట నొక్కేశాడు. చదువుకున్నవాళ్ళను కాపాడటం ఎవరి తరం?

రింగుల ఫైలులో ఎక్కించి తెరిస్తే కుడి పేజీలో వారం నిటారుగా, ఎడమ పేజీలో వారం శీర్షాసనంలో ఉన్నాయి.

“ఏటే ఇది? ఒక వారం నేను సదవాలి, ఒక వారం గబ్బిలం సదవాలా?” అంది వదిన.

“ఫైలు తిప్పి రాసుకో, రాశాక మళ్ళీ తిప్పి పెట్టుకో వదినా.”

ఆడపడుచు మనసు నొప్పించడమెందుకని పాపం అలాగే చేసింది. మా ఇద్దరికీ తట్టనిదొక్కటే: వదినకు తలకిందులైన పేజీ, బల్లకు అవతల నిలబడ్డవాళ్ళకు చక్కగా నిటారు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు పెళ్ళి జాకెట్టు టైముకి కుట్టించి చూడు అనడం మరిచారు. టీచరమ్మ కూతురి పెళ్ళికి పన్నెండు జాకెట్లు. ముందొకటి కుట్టాలి, నచ్చితే మిగతా పదకొండూ. దుకాణం తెరిచాక వదినకు అంత పెద్ద బేరం అదే మొదలు. చెప్పిన బుధవారం రానే వచ్చింది, టీచరమ్మా వచ్చింది.

“అయిపోనాదేటి?”

“అయిపోనాది టీచరమ్మా! హుక్కులే ఉన్నాయి. కూకోండి, టీ తెప్పిస్తాను.”

టీచరమ్మ కూర్చోలేదు. కళ్ళద్దాలు సర్దుకుని, బల్లమీది ఫైలును హాజరుపట్టీలా గట్టిగా చదివింది. “‘టీచరమ్మ. చెప్పిన రోజు, బుధ. నిజంగా ఇచ్చే రోజు, శని. గమనిక, కేకలేస్తే టీ ఇవ్వాలి.’ నేనింకా కేకలెయ్యనేలేదు కదమ్మా, టీ ముందే ఏటి?”

వదిన తడిసిన లైనింగు గుడ్డలా కుంచించుకుపోయింది. నేను గుడ్డముక్కల బస్తా వెనక్కి నక్కాను.

“గుడ్డయినా కత్తిరించినావా?”

“...లేదు టీచరమ్మా.”

“ఈ పుస్తకం ఎవులు సేసినారు?”

వదిన వేలు బస్తాను చూపించింది.

టీచరమ్మ సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి ‘శని’ కొట్టేసింది, ‘ఈ రోజే’ అని రాసింది, స్టూలు లాక్కుని కూర్చుంది. “నువ్వు కుట్టు. బస్తా ఎనకాల పిల్లా, నువ్వు హుక్కులెయ్యి.”

అంతకుముందు నేను సూదిలో దారం కూడా ఎక్కించి ఎరగను. నా వేళ్ళను చూసి సూదికే జాలేసి ఉంటుంది.

సాయంత్రానికి జాకెట్టు పూర్తయింది. టీచరమ్మ వెలుతురులో తిప్పి తిప్పి చూసి, “మిగతా పదకొండూ నువ్వే కుట్టు,” అంది.

వదిన నోట్లోని గుండుసూదులు చేతిలోకి తీసుకుంది. “అబద్దమాడినాను కదా టీచరమ్మా...”

“నలుగురి దగ్గర కుట్టించినాను. అందరూ ఆడినారు. నిజం రాసి నా ఎదర పెట్టినదానివి నువ్వొక్కదానివే!”

ఇప్పుడు వచ్చినవాళ్ళంతా బల్లమీదికి వంగి, “నా గమనికలో ఏటి రాసినావో సూడనీ” అంటున్నారు. వదినేమో వచ్చే ఏడాదికి పేజీలన్నీ తలకిందులుగానే కావాలంటోంది! నేను మాత్రం కుట్టుమిషను మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను: బతికుండగా ఏ కాగితాన్నీ రెండు పక్కలా కొట్టించను. నమ్మకం లేని వదిన దాన్ని రాసిమ్మంది. రాసిచ్చాను, ఒక పక్కే.