గాల్లోనే ఉన్న బంతి

అమ్మో మావయ్యకు భయం. దేనికని అడిగితే జవాబు చెప్పడం కష్టం, దేనికి కాదని అడిగితే మరీ కష్టం. కుర్చీలో కూర్చునే ముందు దాని నాలుగు కాళ్లూ ఊపి చూసేవాడు. ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు. దూరంగా కూర్చుంటే రెక్క ఊడి సరిగ్గా అక్కడికే వస్తుందని అక్కడా కూర్చునేవాడు కాదు. చివరికి గుమ్మంలో నిలబడి కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. ప్రతి మాటా "అమ్మో"తోనే మొదలు, ఆ పేరు అలా వచ్చిందే. "అమ్మో, బాగున్నారా" అని పలకరిస్తే కొత్తవాళ్లు తమ ఒంట్లో ఏమైనా తేడా కనిపించిందేమోనని అద్దం వెతుక్కునేవారు.

ఇంతటి పిరికివాడు ఉద్యోగమంతా లైట్‌హౌసులో చేశాడు. గాలివానలో బయటి ఇనపమెట్ల మీద నిలబడి దీపం అద్దాలు తుడవడం ఆయన పని. ఇదెలా కుదిరిందని ఇంట్లో ఎవరూ ఆరా తీయలేదు. "అంత ఎత్తున ఉంటే పైనుంచి మీద పడేవి ఏమీ ఉండవుగా, అందుకు చేరాడు" అని ఆయన అక్క తేల్చేసింది. అక్క తేల్చాక ఆ ఇంట్లో మళ్లీ విచారణ ఉండదు.

ఆ అక్క కూతురే మన మేనకోడలు. బజారులో కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది. చుట్టాల్లో ఆమెకు గొప్ప ధైర్యవంతురాలని పేరు. ఆ పేరు మావయ్య పక్కన నిలబడినందువల్ల వచ్చిందే. ఆయన పక్కన నిలబడితే గోడ మీది బల్లికి కూడా ధైర్యశాలి అన్న పేరు వస్తుంది.

చిన్నప్పుడు పుచ్చిపోయిన పన్ను పీకించడానికి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పిల్ల ఇంకా నోరు తెరవలేదు, మావయ్య పెట్టిన కేకకు బయట కూర్చున్న రోగులు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. డాక్టరు సూది పక్కన పెట్టి ఆయనకు మంచినీళ్లు తాగించి, విసనకర్రతో విసిరి, తల పట్టుకున్నాడు. పిల్ల నోరంతా తెరిచి నవ్వుతుంటే అదే అదనుగా డాక్టరు పని కానిచ్చాడు, ఆమె అలసిపోయేసరికి పన్ను పళ్లెంలో ఉంది. స్కూల్లో పాట పాడాల్సిన రోజూ ఇంతే. ఆమె వేదిక ఎక్కబోతుంటే మొదటి వరసలో మావయ్య "అమ్మో, ఇంతమంది జనమా" అంటూ ఒరిగిపోయాడు. హాలంతా ఆయన చుట్టూ చేరింది. ఎవరూ చూడకపోవడంతో పిల్ల నిక్షేపంగా పాడేసింది.

"నా తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది" అని అమ్మ అనేది. మేనకోడలికీ సిగ్గే. అయితే ఆమెకు సంబంధించి ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆమెకు భయం. నిజమైన భయం. కడుపులో చల్లగా మొదలై మోకాళ్లలోకి దిగే రకం. తలుపు చప్పుడైనా, తెలియనివాళ్లు పిలిచినా, మెట్ల మీద లైటు పోయినా అది వచ్చి కూర్చునేది. ఇంట్లో ఒక పిరికివాడిని భరించడమే ఎక్కువైపోయిందని ఆమె నోరు విప్పలేదు.

ఇక గోల్ఫ్ మైదానం కథ. ఊరి చివర సముద్రం ఒడ్డున ఇసకదిబ్బల మధ్య గడ్డినేల ఒకటుంది. జనం దాన్ని గుంటల దొడ్డి అంటారు. అది గోల్ఫ్ మైదానమని వాళ్లకు తెలియదు. తాళ్ల వ్యాపారం చేసిన ఆ ఇంటి ముత్తాత ఏదో ఓడరేవులో ఆ ఆటను దూరం నుంచి చూసి, సగం అర్థం చేసుకుని, మిగతా సగం సొంతంగా కల్పించి, తన నేలలో ఏడు గుంటలు తవ్వించాడు. చుట్టుపక్కల ఎవరికీ ఆ ఆట రాదు గనక ఇంటివాళ్లే ఆడాలి. బంతి పోతే అది దొరికేదాకా అందరూ వెతకాలన్నది ఆయన పెట్టిన నియమం. ఒక పెళ్లిచూపుల రోజున ముత్తాత కొట్టిన బంతి అసలే దొరకలేదు. మగపెళ్లివారు కూడా చెప్పులు విప్పి సాయంత్రందాకా ఇసక తవ్వారు. ఆ సంబంధం కుదరలేదు.

మావయ్య వాదన వేరు. "కింద దొరకలేదంటే కింద పడలేదన్నమాట. అమ్మో, అది ఇంకా గాల్లోనే ఉంది." అందుకే ఆయన ఆ మైదానంలో అడుగుపెడితే నెత్తిన అల్యూమినియం గిన్నె ఉండాల్సిందే. గిన్నె నెత్తిన పెట్టుకుని రోజూ పొద్దున్న చీపురుతో గడ్డి మీద ఇసక ఊడ్చేవాడు. ముత్తాత పోయి, ఆట పోయి, ఆడినవాళ్లు పోయినా ఆ ఏడు గుంటల్లో చెత్త మాత్రం ఉండేది కాదు.

ఏడో గుంట నీళ్ల మధ్య బండ మీద ఉంది. ఒడ్డుకూ బండకూ నడుమ సన్నటి రాళ్లబాట. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే అది బయటపడుతుంది, పోటు రాగానే మునిగిపోతుంది. అక్కడికి వెళ్లడానికి ముత్తాత మరో నియమం పెట్టాడు. అందరికన్నా ఎక్కువ భయపడేవాళ్లు ముందు నడవాలి, మిగతావాళ్లు వాళ్ల అడుగును బట్టి నడవాలి. భయపడేవాణ్ని వెనక పెడితే ఎక్కడ ఆగిపోయాడో ఎవరికీ తెలియదని ఆయన లెక్క. ఆ ప్రకారం ముందు ఎప్పుడూ మావయ్యే. చిన్నప్పటి నుంచీ మేనకోడలు ఆయన చొక్కా అంచు పట్టుకుని వెనక నడిచేది. "పిల్ల తోడు లేందే వాడు అడుగు వెయ్యడు" అని అమ్మ నవ్వేది.

ఈమధ్య ఆ నేల తీసుకుని, చదును చేసి లారీలు నిలిపే చోటుగా మార్చాలని సర్కారు ఆఫీసులో నిర్ణయించారు. ఆ వార్త విన్న రోజు మావయ్య "అమ్మో" అనలేదు. "అలాగా" అన్నాడు. ఆ ఒక్క మాటకే మేనకోడలు భయపడింది.

చరిత్ర చెప్పే లెక్చరరు ఒకాయన అడ్డుపడితే ఆఫీసరు ఒకటే అడిగాడట. "గుంటలు కుక్కలు కూడా తవ్వుతాయి. ఆట కోసమే చేసిన వస్తువు ఒక్కటి చూపించండి, అప్పుడు ఆలోచిస్తాను." అలాంటిది మిగిలిందల్లా ఏడో గుంటలో, బంతి పడేందుకు బండలో బిగించిన ఇనప కప్పు. లెక్చరరు కెమెరా పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏడో గుంట నిజంగా ఉందా అండీ?"

"అమ్మో, ఉంది."

"భయమైతే మీరు రావద్దులెండి, దారి చెప్పండి చాలు."

"అమ్మో, భయమే. పదండి."

నీళ్లు తగ్గిన వేళ ముగ్గురూ బయల్దేరారు. ముందు గిన్నె మావయ్య, ఆయన చొక్కా పట్టుకుని మేనకోడలు, వెనక లెక్చరరు. "అమ్మో నాచు, అమ్మో ఎండ్రకాయ, అమ్మో ఇక్కడ రాయి కదులుతుంది" అంటూ దారిపొడవునా గోల. ఎంత గోల చేసినా ఆయన అడుగు ఎక్కడా తప్పలేదని ఆమె గమనించలేదు. బండ మీద గుల్లలు గీకేసరికి ఇనప కప్పు బయటపడింది, లోపల ముత్తాత తాళ్ల కొట్టు గుర్తుతో సహా. లెక్చరరు ఆనందంతో ఫోటోలు తీస్తూ వెనక్కి వెనక్కి నడిచి, నాచు మీద కాలు జారి కూలబడ్డాడు. మడమ క్షణాల్లో వాచిపోయింది.

అదే సమయానికి పొగమంచు దిగింది. ముందు ఒడ్డు పోయింది, తరువాత బాట సగం పోయింది. రోజంతా ఊళ్లోవాళ్ల చూపు సరిచేసే మనిషికి తన పాదాలు తనకే కనిపించలేదు. రాళ్ల సందుల్లో నీళ్లు గుటకలు వేస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. పోటు మొదలైంది.

ఆమె మావయ్య చొక్కా అంచు అందుకుంది. ఆయన "అమ్మో" అంటాడని ఎదురుచూసింది. ఆయన అనలేదు. లెక్చరరును వీపు మీదికి ఎక్కించుకుని, నెత్తి మీది గిన్నె తీసి ఆమె నెత్తిన పెట్టాడు.

"నువ్వు ముందు నడువమ్మా."

"నేనా? భయపడేవాళ్లు కదా మావయ్యా ముందు నడవాల్సింది."

"అందుకే."

ఆమె తలెత్తి చూసింది. ఆయన మొహంలో భయం అన్నది మచ్చుకైనా లేదు. ఆ మొహాన్ని ఆమె ఇంతవరకూ చూడనేలేదు.

"నీకు తెలుసా?"

"నీ పాలపళ్లప్పటి నుంచీ తెలుసు. కళ్లతో వెతక్కు, కాలితో తడుము. తొందర లేదు."

"నీకు భయం లేదా?"

"ఇప్పుడు తీరిక లేదమ్మా."

నీళ్లు పాదాలు దాటి పిక్కల దాకా వచ్చాయి. ఆమె కాలు పెట్టి, తడిమి, మళ్లీ పెట్టింది. ఒకచోట రాయి కదిలింది, ఆమె బిగుసుకుపోయింది. వెనక మావయ్య కూడా ఆగాడు, అంత బరువు మోస్తూ ఒక్క మాట తొందరపెట్టకుండా. ఆమె ఎప్పుడు కదిలితే అప్పుడు కదిలాడు. ముత్తాత నియమం ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది. అంతా తనకోసం ఆగుతారని తెలిస్తే భయపడేవాళ్ల కాలు కూడా కదులుతుంది.

ఒడ్డున అమ్మ గొంతు వినిపించింది. "ఎక్కడ చచ్చార్రా? వాడు భయంతో బిగుసుకుపోయుంటాడు, నాకు తెలుసు."

ఇసక మీదికి చేరాక లెక్చరరు "అమ్మా, మీ తమ్ముడుగారు నన్ను వీపు మీద..." అని మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తికాకముందే గోరంత ఎండ్రకాయ ఒకటి మావయ్య ముందు నుంచి పరుగెత్తింది. "అమ్మో" అని ఆయన గెంతి అక్క వెనక దాక్కున్నాడు. అందరూ ఆయన్నే చూసి నవ్వారు. ఇసకలో చతికిలబడి, మోకాళ్లు పట్టుకుని వణుకుతున్న మేనకోడలిని ఎవరూ చూడలేదు. ఆమె గిన్నె మొహం మీదికి లాక్కుని ఏడుస్తూ నవ్వింది.

ఫోటోలు చూసిన ఆఫీసరు, కప్పును స్వయంగా చూడనిదే సంతకం పెట్టనన్నాడు. కోటు వేసుకుని దర్జాగా వచ్చాడు. రాళ్లబాట దగ్గరకు రాగానే మాటలు తగ్గాయి. బూట్ల లేసు కట్టుకున్నాడు, విప్పి మళ్లీ కట్టుకున్నాడు. "ఇంకో రోజు చూద్దామా, నాకు పని గుర్తొచ్చింది" అన్నాడు. ఆ గొంతు మేనకోడలికి బాగా తెలుసు. అది కడుపులో నుంచి మోకాళ్లలోకి దిగుతున్న గొంతు.

మావయ్య నోరు తెరిచాడు. అంతలో పక్క నుంచి గట్టిగా వినిపించింది.

"అమ్మో, నాచు. అమ్మో, నీళ్లు. నాకు చచ్చే భయమండీ. ఇక్కడ భయపడేవాళ్లే ముందు నడవాలి. మీరు కాస్త నా వెనకే వచ్చి, పడిపోకుండా ఈ కొంగు పట్టుకుంటారా?"

ఆఫీసరుకు ప్రాణం లేచొచ్చింది. "అయ్యో, దానికేం భాగ్యం, నేనున్నానుగా" అంటూ కొంగు రెండు చేతులతో పట్టుకున్నాడు. అమ్మ నెత్తి కొట్టుకుని, "దీనికీ మేనమామ పోలికే వచ్చింది" అంది.

మేనకోడలు వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "మావయ్యా, గిన్నె ఇటివ్వు. బంతి ఇంకా గాల్లోనే ఉంది కదా."

"అమ్మో, జాగ్రత్త" అంటూ ఆయన గిన్నె తీసి ఇచ్చాడు.